అక్కా, ఒక్కసారి

తెలుగులో నాకు గిట్టని మాట ఒకటుంది. తిట్టు కాదు, బూతు కాదు. "ఒక్కసారి."

"ఒక్కసారి ఇటు రండి." "ఒక్కసారి ఆ గిన్నె అందుకో." "ఒక్కసారి అమ్మకి ఫోన్ ఇవ్వు." వీటిలో లెక్కేమీ లేదు. రెండోసారి రావద్దని గాని, గిన్నె ఇంకెప్పుడూ ముట్టుకోవద్దని గాని ఎవరి ఉద్దేశమూ కాదు. ఇంగ్లీషువాళ్ళు ప్లీజ్ అనే చోట మనం ఒక్కసారి అంటాం. అడుగుతున్నది ఎంత పెద్ద పనైనా చిటికెలో అయిపోయేదని ఎదుటివాళ్ళని నమ్మించడానికి అంటాం. బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేనూ అంటూనే ఉన్నాను. దాని మీద నాకు పగ పుట్టింది మాత్రం మిషిగన్‌లో, ట్రాయ్‌లో, రెండువేల పది ప్రాంతంలో.

అప్పుడు నేను కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. పేరుకి సిస్టమ్స్ ఇంజనీర్‌ని. మా కంపెనీ టెస్టింగ్‌కి వాడే సర్వర్లన్నిటినీ క్లౌడ్‌లోకి మార్చింది. క్లౌడ్ అంటే ఏమిటని మా అత్తగారు ఫోన్‌లో అడిగితే ఇలా చెప్పాను: కంప్యూటర్లు వేరేవాళ్ళ బిల్డింగులో ఉంటాయి, మేం ఇక్కడ కూర్చుని వాటిని అద్దెకు వాడుకుంటాం, ఆన్‌లో ఉన్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది, అందుకని పొద్దున్నే ఆన్ చేసి సాయంత్రం ఆపెయ్యాలి, ఆ పని నాది.

"అంటే పొద్దున లైట్లు వేసి సాయంత్రం ఆర్పుతావన్నమాట," అన్నారావిడ.

ఒళ్ళు మండింది గానీ, అబద్ధం కాదు. నేను మాస్టర్స్ చదివింది లైట్లు వేసి ఆర్పడానికే. అది కాక కొత్తగా చేరినవాళ్ళకి లాగిన్లు తెరవడం, మర్చిపోయినవాళ్ళకి పాస్‌వర్డులు మార్చడం, డిస్కు నిండిపోతే పాత ఫైళ్ళు తీసెయ్యడం, ఎవరైనా ఏదైనా పాడుచేస్తే నిన్నటి కాపీ తెచ్చి పెట్టడం. ఒక్కొక్కటీ పట్టుమని పది నిమిషాల పని కాదు. అన్నీ కలిస్తే నా రోజు మొత్తం.

మా టీమ్‌లో ముప్పాతిక మంది తెలుగువాళ్ళే. గుంటూరు నుంచి కరీంనగర్ దాకా అన్ని యాసలూ మా క్యూబికల్స్‌లో ఉండేవి. పనులు అడగడానికి కంపెనీలో టికెట్ సిస్టమ్ ఉంది. ఏం కావాలో అందులో రాస్తే, వరస ప్రకారం నా దగ్గరికి వస్తుంది. అందులో రాసినవాళ్ళని నేను చూడలేదు. నేరుగా నా క్యూబికల్ గోడ మీదుగా ఒక తల లేచేది.

"అక్కా, ఒక్కసారి నా సర్వర్ ఆన్ చేస్తారా?"

"అక్కా, జర ఒక్కసారి నా పాస్‌వర్డ్ రీసెట్ చెయ్యరాదు."

టికెట్ పెట్టమంటే మొహం చిన్నబుచ్చుకునేవాళ్ళు. అక్కా అని పిలిచాక టికెట్ అడగడమేమిటని వాళ్ళ బాధ. అక్క అంటే టికెట్ లేకుండా పనిచేసే మనిషని అర్థమేమో నాకు తెలియదు. ఆదివారం ఇండియన్ స్టోర్‌లో లేత బెండకాయలు ఏరుకుంటుంటే ఫోన్ మోగేది. మంచులో కారు అద్దం గీక్కుంటుంటే మోగేది. ప్రతిసారీ ఒక్కసారే.

మా టీమ్ లీడ్‌ని అందరూ అన్న అనే పిలిచేవారు. మంచి మనిషి. ఇంట్లో గోంగూర పచ్చడి కలిపితే నాకు విడిగా సీసాలో పెట్టి తెచ్చేవాడు. కానీ కొత్త పద్ధతి ఏదైనా పెడదామంటే మాత్రం "చూద్దాంలేమ్మా" అనేవాడు. ఆయన చూద్దాం అన్నవేవీ ఎవరూ మళ్ళీ చూడలేదు.

ఆ ఎండాకాలంలో నేను గర్భవతినని తెలిసింది. ఫిబ్రవరిలో కాన్పు అన్నారు డాక్టరు. కాంట్రాక్టు వాళ్ళకి జీతంతో సెలవు ఉండదు. జీతం లేకుండా ఆరువారాలు తీసుకోవచ్చన్నారు. తీసుకుంటానన్నాను. మొదటి బిడ్డ. ఆ ఆరువారాలూ నా బిడ్డ దగ్గర నేనుండాలి, ఆఫీసు ఫోన్ మోగకూడదు. నాకు కావలసింది అదొక్కటే. నా బదులు ఇంకెవర్నైనా పెడతారా అని అన్నని అడిగాను.

"ఎందుకమ్మా, ఆ కాస్త దానికి మనిషెందుకు? ఏదన్నా ఉంటే నీకు ఒక్కసారి ఫోన్ చేస్తాంలే," అన్నాడు.

ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను. నా చేతులు చేసే ప్రతి పనీ కంప్యూటరు చేత చేయించి గాని సెలవు మీద వెళ్ళకూడదని.

మొదట లైట్ల పని పట్టుకున్నాను. పొద్దున ఏడింటికి సర్వర్లన్నీ వాటంతటవే లేవాలి, రాత్రి ఏడింటికి పడుకోవాలి. ప్రోగ్రామ్ రాయడం కష్టమేమీ కాలేదు. మొదటి రోజు ఏడయ్యేసరికి అన్నీ చక్కగా ఆగిపోయాయి. ఏడుంబావుకి నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. పనిలో ఉన్నామక్కా, టెస్టు సగంలో ఉందక్కా, రేపట్నుంచి ఆపండి గానీ ఇవాళ ఒక్కసారికి నాది వదిలెయ్యండక్కా.

సరే, న్యాయమే కదా అనుకున్నాను. క్లౌడ్‌లో ప్రతి సర్వర్‌కీ ఒక చీటీ అంటించుకునే వీలుంటుంది. ట్యాగ్ అంటారు. ఎవరికైనా ఏడు దాటి పని ఉంటే తమ సర్వర్‌కి ఒక ట్యాగ్ అంటించుకుంటే చాలు, నా ప్రోగ్రామ్ ఆ చీటీ చూసి ఆ రాత్రికి దాన్ని ముట్టుకోకుండా వెళ్ళిపోతుంది. ట్యాగ్‌కి ఏదో ఒక పేరు పెట్టాలి. అప్పటి మంటలో ఇంగ్లీషు అక్షరాలతో ఒక్కసారి అని పెట్టాను. అది చూసైనా సిగ్గు తెచ్చుకుంటారనుకున్నాను.

ఎవరూ తెచ్చుకోలేదు. అందరూ అంటించుకున్నారు. ఒక రాత్రికని అంటించుకున్న చీటీని పీకాలని ఒక్కరికీ తోచలేదు. పైగా కొత్త సర్వర్ కావాలంటే మావాళ్ళు ఉన్నదాన్నే కాపీ కొట్టుకునేవారు, దానితోపాటు చీటీ కూడా కాపీ అయ్యేది. అలా మా కొత్త సర్వర్లు పుట్టడమే నుదుటిమీద ఒక్కసారి అని రాయించుకుని పుట్టేవి. నెల తిరిగేసరికి రాత్రి ఏడింటికి ఆగే సర్వర్ ఒక్కటి లేదు.

దాని పర్యవసానం మీటింగులో బయటపడింది. లెక్కలు చూసే డిపార్ట్‌మెంట్ వాళ్ళు ట్యాగుల వారీగా ఖర్చు విడగొట్టుకున్నారట. మా టీమ్‌కి పైనున్న అమెరికన్ మేనేజరు స్క్రీన్ మీదున్న చార్టు చూపించి, ఈ ఓకాసారీ అనే ప్రాజెక్టు ఏమిటి, మన ప్రాజెక్టులన్నిటికంటే దీనికే ఎక్కువ ఖర్చవుతోంది, దీని ఓనర్ ఎవరు అని అడిగాడు. బల్ల చుట్టూ ఉన్న తెలుగువాళ్ళందరూ ఒక్కసారిగా తమ లాప్‌టాప్‌లలోకి తలలు దూర్చారు. అన్న నీళ్ళు నమిలి, "ఇట్ ఈజ్ టెంపరరీ," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. చిర్రెత్తుకొచ్చింది.

ఆ తర్వాత తెల్లవారేలోపల చీటీలన్నిటినీ పీకేసేలా ప్రోగ్రామ్ మార్చాను. పొద్దున వచ్చి, "అక్కా, నా చీటీ ఎవరో తీసేశారు," అని కంప్లైంటు చేశారు. నేనే తీశానన్నాను. కొన్నాళ్ళు నన్ను అక్కా అనడం మానేశారు. ఆ కొన్నాళ్ళూ హాయిగా ఉంది.

ఆ తర్వాత ఆఫీసు వెబ్‌సైట్‌లో బటన్లతో ఒక పేజీ చేశాను. పొద్దున ఏడింటికి ముందే ఎవరికైనా సర్వర్ కావాలంటే ఆ పేజీ తెరిచి, సర్వర్ పేరు ఎదురుగా ఉన్న పచ్చ బటన్ నొక్కితే సరి. పాస్‌వర్డుకి ఒక బటన్, నిన్నటి కాపీకి ఒక బటన్. ఏ బటన్ ఏం చేస్తుందో కిందే తేట తెలుగులో రాశాను. ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి చూపించాను. అందరూ "సూపర్ అక్కా" అన్నారు. మర్నాడు పొద్దున్నే గోడ మీదుగా తల లేచింది.

"అక్కా, ఒక్కసారి ఆ బటన్ నొక్కుతారా?"

"నువ్వే నొక్కొచ్చు కదయ్యా. నీ కోసమే పెట్టాను."

"నేను నొక్కితే ఏమన్నా అవుతదేమోనక్కా. మీరైతే మంచిగుంటది."

నేను లేచి వెళ్ళి అతని కుర్చీలో కూర్చుని అతని మౌసుతో బటన్ నొక్కాను. సర్వర్ ఆన్ అయింది. అతను నా వంక ఎంతో కృతజ్ఞతగా చూశాడు. ఆ పేజీ చెయ్యడానికి నేను పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి, ఆ మౌసు తీసి విసిరికొట్టాలనిపించింది.

జనవరిలో నాకు సీమంతం చేశారు. మా అపార్టుమెంటులో చోటు చాలదని పక్క సందులో ఉండే ఒక ఆంటీ తన బేస్‌మెంట్ ఇచ్చారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు వేసి, చెంపలకి గంధం పూశారు. మా టీమ్‌వాళ్ళూ భార్యలతో వచ్చారు. అక్షింతలు వెయ్యడానికి వరసలో వచ్చిన ఒకబ్బాయి, వేసి, దీవించి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. ఏమిటన్నట్టు చూశాను.

"ఏం లేదక్కా. మీరు తిన్నాక, తీరిగ్గానే, ఒక్కసారి మా సర్వర్ చూస్తారా? డిస్క్ ఫుల్ అంటోంది."

అతని చేతిలో పులిహోర ప్లేటు ఉంది. నా చేతులు గాజులతో కదలడం లేదు. అంత మంది ముత్తయిదువుల మధ్య కేకలు వెయ్యకూడదని ఊరుకున్నాను గానీ, అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సోమవారమే డిస్కులు నిండకముందే పాత ఫైళ్ళు ఏరి తీసేసే ప్రోగ్రామ్ కూడా పూర్తిచేశాను. అదే ఆఖరిది. ఇంక నా చేతితో చెయ్యవలసిన పనంటూ ఏదీ మిగల్లేదు.

ఒక్క చిక్కు మిగిలింది. ఆ ప్రోగ్రాములన్నీ నా లాగిన్ మీద నడుస్తున్నాయి. కాంట్రాక్టు మనిషి సెలవు మీద వెళ్తే, తిరిగొచ్చేదాకా లాగిన్ మూసేస్తారు. అది సెక్యూరిటీ వాళ్ళ రూలు. కాబట్టి నేను వెళ్ళేలోపల వాటిని టీమ్ ఉమ్మడి లాగిన్ మీదకి మార్చి, పొద్దునా సాయంత్రమూ వాటంతటవి మొదలయ్యే వేళలు అక్కడ మళ్ళీ పెట్టాలి. ఉమ్మడి లాగిన్ తాళాలు మా టీమ్‌లో ఉన్న ఒకే ఒక్క అమెరికన్ దగ్గర ఉండేవి.

ఆయన వయసులో మా అందరికన్నా పెద్దవాడు. శరదృతువులో జింకల వేటకి సెలవు పెట్టి వెళ్ళేవాడు, వచ్చాక నాకు ఫోటోలు చూపించబోయి, నేను శాకాహారినని గుర్తొచ్చి ఆపేసేవాడు. పనిలో ఆయన పద్ధతి ఒకటే. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఒక అక్షరం ఎక్కువ చెయ్యడు, ఒక అక్షరం తక్కువ చెయ్యడు. టికెట్ లేనిదే కుర్చీలోంచి కదలడు. మా టీమ్‌లో నేను ఈర్ష్యపడిన మనిషి ఆయనొక్కడే.

నా ఆఖరి శుక్రవారం ఆయనా, అన్నా, నేనూ ముగ్గురం కూర్చున్నాం. ప్రోగ్రాములేవి, ఏది ఎప్పుడు నడవాలి, అన్నీ ఆయనకి చెప్పాను. ఆయన తల ఊపాడు. చివర్లో అన్న తన మర్యాద తాను చేసుకున్నాడు.

"సో, ప్లీజ్ సెట్ ఇట్ అప్ ఫర్ మండే అండ్ రన్ ఇట్ వన్స్," అన్నాడు.

"వన్స్?" అన్నాడాయన.

"యెస్ యెస్. వన్స్," అన్నాడు అన్న.

"గాట్ ఇట్," అన్నాడాయన.

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. రెండు చెవులతో విన్నాను. మన ఒక్కసారిని మనమంతా ఇంగ్లీషులోకి వన్స్ అని మోసుకొచ్చి, వన్స్ చెక్ చెయ్యండి, వన్స్ కాల్ చెయ్యండి అని ఆఫీసంతా వెదజల్లిన తర్వాత, అది నా చెవికి కూడా ప్లీజ్ లాగానే వినిపించింది. ఇంక నాకేం అనుమానం వస్తుంది? లాప్‌టాప్ అప్పగించేసి, అందరి దగ్గరా సెలవు తీసుకుని ఇంటికొచ్చేశాను.

సోమవారం పొద్దున ఏడింటికి సర్వర్లన్నీ వాటంతటవే లేచాయి. సాయంత్రం వాటంతటవే పడుకున్నాయి. "అంతా సూపర్ అమ్మా, నువ్విక హాయిగా ఉండు," అని అన్న మెసేజ్ పెట్టాడు. నేను సోఫాలో కాళ్ళు చాపుకుని ఆ మెసేజ్ రెండుసార్లు చదువుకున్నాను. ఎన్నాళ్ళకో నా చెవులు చల్లబడ్డాయి.

మంగళవారం తెల్లవారకముందే నొప్పులు మొదలయ్యాయి. మంచు కురుస్తోంది. మా ఆయన కారుని నత్తలా నడుపుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నా ఫోన్ నేను కారెక్కేముందే ఆఫ్ చేసేశాను. మధ్యాహ్నం కాకముందే అమ్మాయి పుట్టింది. నర్సు శుభ్రంగా తుడిచి, దుప్పట్లో చుట్టి, నెత్తికి చిన్న టోపీ పెట్టి నా గుండెల మీద పడుకోబెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం ముడుచుకుని ఉంది. కాసేపటికి బరువూ అవీ చూసి, మా ఆయన చేతికిచ్చింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో, పగిలిపోయే సామానేదో ఒళ్ళో పెట్టుకున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. ఇండియా నుంచి ఎవరో అనుకున్నాం. ఆయన ఒక చేత్తో ఎత్తి, "ఆఁ, థాంక్యూ అండి, పాప, ఆఁ, ఇద్దరూ బాగున్నారు," అంటున్నాడు. తర్వాత నావైపు ఫోన్ చాపాడు.

"మీ అన్న. కంగ్రాట్స్ చెప్తాడట. ఒక్కసారి నీకిమ్మంటున్నాడు."

మా ఆయన నంబరు అతనికి ఎలా దొరికిందో నేను అడగలేదు. సీమంతానికి దారి చెప్పడానికి మా ఆయనే ఫోన్ చేసి ఉంటాడు. తీసుకున్నాను.

"కంగ్రాచ్యులేషన్స్ చెల్లెమ్మా! లక్ష్మీదేవి పుట్టింది. బావగారిప్పుడే చెప్పారు. నువ్వు రెస్ట్ తీసుకో, మాట్లాడకు."

"థాంక్స్ అన్నా."

"ఏం లేదమ్మా, ఒక్కసారి చిన్న డౌటు. ఇవాళ పొద్దున సర్వర్లు లేవలేదు."

అంటే ఇప్పుడు అందరూ పనాపుకుని నాకోసం చూస్తున్నారా అని అడిగాను.

"అబ్బే, లేదమ్మా. నువ్వు పెట్టిన బటన్లు ఉన్నాయిగా. అందరూ నొక్కేసుకున్నారు. ఇవాళ్టికి ఏ ఇబ్బందీ లేదు."

"మరింకేం అన్నా?"

"మరి రేపో?" అన్నాడు.

ఆ క్షణంలో నాకు ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. ఎన్ని నెలలు చెప్పినా ముట్టుకోని బటన్లు, నేను లేని మొదటి రోజున అందరూ నొక్కేసుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. పని ఆగలేదు. రేపు పొద్దున కూడా నొక్కుకోవచ్చు. అయినా ఫోన్. అమెరికన్ పెద్దాయన ఏమంటున్నాడని అడిగాను. చెయ్యమన్నట్టే చేశానంటున్నాడమ్మా, నాకేం అర్థం కావట్లేదు, ఒక్కసారి నువ్వే మాట్లాడు అని ఫోన్ ఆయనకిచ్చాడు.

ఆయన మొదట క్షమించమన్నాడు. ఈ స్థితిలో ఫోన్ చెయ్యొద్దని తాను చెప్పానన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "వన్స్ నడపమన్నారు. సోమవారం వన్స్ నడిపాను. మళ్ళీ నడపాలా?" అని అడిగాడు.

ఒక్క క్షణం పట్టింది నాకు. పనులకి వేళలు పెట్టే ఆ స్క్రీన్ మీద మొట్టమొదట ఉండే ప్రశ్న ఇది ఎన్నిసార్లు జరగాలి అని. వన్ టైమ్, డైలీ, వీక్లీ. అన్న నోటి నుంచి వచ్చిన మర్యాదని ఆయన తీసుకెళ్ళి అక్కడ పెట్టాడు. తప్పు ఆయనదా? కాదు. ఆ గదిలో తెలుగు రాని మనిషి ఆయనొక్కడే.

"స్క్రీన్ తెరవండి," అన్నాను. "పేరు మీద రెండుసార్లు నొక్కండి. పైన ట్రిగ్గర్స్ అని ఉంటుంది. వచ్చిందా?"

సరిగ్గా అప్పుడు కిటికీ దగ్గర్నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఏయ్, ఒక్కసారి ఇటు చూడవే."

నేను చెయ్యి పైకెత్తి ఆగమన్నట్టు చూపించాను.

"వచ్చింది," అన్నాడు పెద్దాయన.

"అక్కడ వన్ టైమ్ అని ఉందా? దాని కింద డైలీ. అది."

"ఒక్కసారి చూడవే, త్వరగా!"

"ఉండు," అన్నాను, అటు తిరక్కుండానే. "ఆ, డైలీ. అన్నిటికీ అలాగే మార్చండి. సాయంత్రం ఆపేదానికి కూడా. ఫైళ్ళు తీసేదానికి కూడా."

ఆయన ఒక్కొక్కటే మార్చి, మార్చినట్టు ఒక్కొక్కటే నాకు చదివి వినిపించాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి కదా. చివరికి అయిపోయింది. అన్న ఫోన్ తీసుకుని, "సారీ అమ్మా, ఇంకేం డిస్టర్బ్ చెయ్యం," అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి అటు తిరిగాను.

పాప నిద్రపోతోంది. మొహం ఇందాకటిలాగే ముడుచుకుని ఉంది.

"ఏమైంది? ఎందుకు పిలిచావు?" అన్నాను.

మా ఆయనకి కోపమొచ్చింది. ఆయనకి కోపం రావడం అరుదు.

"కళ్ళు తెరిచింది," అన్నాడు. "నేనెంత పిలిచినా తెరవలేదు. నువ్వు ఫోన్‌లో మాట్లాడ్డం మొదలుపెట్టగానే కళ్ళు తెరిచి, నీ గొంతు ఎటునుంచి వస్తోందో వెతుక్కుంటూ తల అటు తిప్పింది. నువ్వు మాట్లాడినంతసేపూ అటే చూసింది. ఒక్కసారి చూడమని ఎన్నిసార్లన్నాను?"

వినపడలేదన్నాను. వినపడింది. రెండుసార్లూ వినపడింది. కానీ ఆ మాట పొద్దున లేస్తే గోడల మీదనుంచి, ఫోన్లలోంచి, పులిహోర ప్లేట్ల వెనకనుంచి వినీ వినీ, నా చెవి దాన్ని లోపలికి రానివ్వడం మానేసింది. అందరి ఒక్కసారుల్లాగే మా ఆయన ఒక్కసారి కూడా బయటే ఆగిపోయింది. నా కూతురు ఈ లోకంలోకి వచ్చి కళ్ళు తెరిచి నాకోసం వెతుక్కుంది. నేనేమో దానికి ట్రిగ్గర్స్ ఎక్కడుంటాయో చెప్తున్నాను.

ఏడుపొచ్చింది. అన్న మీద, ఆఫీసు మీద, ఫోన్ తెచ్చి చేతిలో పెట్టిన మా ఆయన మీద, అందరి మీదా కోపమొచ్చింది. మళ్ళీ తిప్పుతుందిలే, రోజూ తిప్పుతుంది, ఎక్కడికి పోతుంది అని మా ఆయన సముదాయించాడు. నిజమే. ఆ తర్వాత లక్షసార్లు తిప్పింది. ఇప్పుడు పిలిచినా తిప్పని వయసొచ్చింది.

అప్పుడు మాత్రం నేను ముక్కు తుడుచుకుని మా ఆయన్ని అడిగాను.

"ఎలా తిప్పిందో ఒక్కసారి చూపించు."

ఆయన పాపని జాగ్రత్తగా మోచేతి మడతలోకి జరుపుకున్నాడు. నాలుగు రోజుల గడ్డంతో, రాత్రంతా నిద్ర లేని ఎర్రటి కళ్ళతో, అంత మనిషి మెడ సన్నగా చేసుకుని, కళ్ళు చిట్లించి తెరిచి, నెమ్మదిగా, వెతుక్కుంటున్నట్టుగా, తల నావైపు తిప్పాడు.